కారు – గేరు – ఇంధనపు పొదుపు

భీమ్‌గల్, ఆర్మూరు, కమ్మర్‌పల్లి ప్రాంతాలలో గల్ఫు దేశాలకు వెళ్ళివచ్చిన మనిషి లేని వాడ అరుదు. అక్కడ డ్రైవరుగా పనిచేసి వచ్చినవారు స్వంతానికి ఒక కారు కొనదలచినపుడు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉన్నది. గల్ఫులో వారు నడిపినవి అధికభాగం ఆటోమేటిక్ కార్లు. క్లచ్చి లేదు, గేరు మార్చే శ్రమ లేదు, ఎడమకాలికి పనియే లేదు. ఇక్కడికి రాగానే బంధుమిత్రులు "ఆటోమేటిక్ బండి పెట్రోలు తాగుతుంది, వద్దు" అంటారు. మరికొందరు "హైబ్రిడ్ కొను, సగం పెట్రోలుతో నడుస్తుంది" అని సలహా ఇస్తారు. ఎండలో చెమటోడ్చి కూడబెట్టిన సొమ్మును ఏ బండిపై పెట్టవలెను? ఈ మాటలలో నిజమెంతో శాస్త్రదృష్టితో పరిశీలించుటయే ఈ వ్యాసపు ఉద్దేశం.

గేరు ఎందుకు?

చెరకు లోడుతో కదిలే ట్రాక్టరును మనమందరం చూచినవారమే. మొదటి గేరులో ఇంజను హోరెత్తుతుంది, చక్రం మాత్రం మెల్లగా తిరుగుతుంది. వేగం తగ్గించుకొని బలం పెంచుకొనుట అన్నమాట. బండి పరుగందుకున్న తరువాత అంత బలం అవసరం లేదు కనుక పై గేరు వేస్తారు. పెట్రోలు ఇంజను అన్ని వేగాలలోను ఒకే విధంగా పొదుపుగా పనిచేయదు. దానికి అనువైన వేగం, అనువైన బరువు కొన్ని ఉన్నవి. ఇంజనును ఆ స్థితికి దగ్గరగా ఉంచుటయే గేరుపెట్టె పని. సాధారణంగా పెట్రోలులోని శక్తిలో నాలుగవ వంతు మాత్రమే బండిని నడుపుటకు ఉపయోగపడుతుంది. మిగిలినది రేడియేటరు ద్వారా, పొగగొట్టం ద్వారా వేడిగా పోతుంది.

ఆటోమేటిక్‌కు చెడ్డపేరు ఎట్లా వచ్చినది?

చేతితో మార్చే గేరుపెట్టెలో క్లచ్చి పలకలు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొనుట వలన శక్తి అంతగా వృథా కాదు. అమెరికాలోని జనరల్ మోటార్స్ సంస్థ 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో ప్రవేశపెట్టిన హైడ్రామాటిక్ యంత్రంలో క్లచ్చికి బదులు నూనె వాడినారు. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకదానికి కరెంటు ఇస్తే, ఆ గాలికి రెండవది కూడా తిరుగుతుంది గాని అంత వేగంగా తిరగదు. నూనె ద్వారా శక్తి పంపుటలోను అట్టి లోటే ఉన్నది. ఆ తరువాత వచ్చిన అనేక ఆటోమేటిక్‌లలో గేర్లు రెండో మూడో ఉండేవి. పెట్టె బరువు కూడా అధికం. కాబట్టి పెద్దల మాట ఆనాటికి ముమ్మాటికీ నిజం.

కాని కాలం మారినది. ఇప్పటి ఆటోమేటిక్‌లలో బండి వేగం అందుకోగానే నూనె జారుడును ఆపి రెండు ప్రక్కలను బిగించే ఏర్పాటు ఉన్నది. గేర్లు ఆరు, ఎనిమిది వరకు పెరిగినవి. మరొక పద్ధతి మరీ సులభమైనది: మామూలు గేరుపెట్టెనే ఉంచి, క్లచ్చి నొక్కే పనిని, గేరు వేసే పనిని మాత్రం యంత్రానికి అప్పగించుట. మన దేశంలో 2014లో మారుతీ సెలేరియో కారు ఈ పద్ధతితో వచ్చినది. చేతిగేరుకు, ఆటోమేటిక్‌కు రెంటికీ లీటరుకు 23.1 కిలోమీటర్లని సంస్థ ప్రకటించినది. అనగా తేడా సున్న.

హైబ్రిడ్ ఏమి చేస్తుంది?

వెయ్యి కిలోల కారు గంటకు 54 కిలోమీటర్ల వేగంతో పోవుచున్నదనుకొందాం. దాని గతిజశక్తి 1,12,500 జౌళ్ళు. బ్రేకు వేయగానే ఈ శక్తి అంతా చక్రాలవద్ద వేడిగా మారి గాలిలో కలుస్తుంది. లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ళ శక్తి ఉన్నది; అందులో చక్రాలకు చేరునది నాలుగవ వంతు, అనగా 80 లక్షలు. లెక్కవేసి చూచిన, దాదాపు 70 మార్లు ఆగి మరల అదే వేగం అందుకొనుటకే ఒక లీటరు హరించుకుపోతుంది!

హైబ్రిడ్ కారులో ఇంజనుతోపాటు విద్యుత్ మోటారు, బ్యాటరీ ఉంటాయి. బ్రేకు వేసినపుడు చక్రాలే మోటారును త్రిప్పుతాయి. అది డైనమోగా మారి, వృథా కావలసిన శక్తిలో కొంత బ్యాటరీకి చేరుస్తుంది. సిగ్నలు వద్ద ఇంజను ఆగిపోతుంది. 1997లో జపానులో టయోటా ప్రియస్ ఈ విధానంతోనే మార్కెట్టుకు వచ్చినది. 2022లో మన దేశంలో వచ్చిన మారుతీ గ్రాండ్ విటారాకు పరీక్షలో చూపిన మైలేజీ చేతిగేరుతో సుమారు 21, ఆటోమేటిక్‌తో ఇరవైన్నర, పూర్తి హైబ్రిడ్‌తో దాదాపు 28 కిలోమీటర్లు. రోడ్డుపై ఇంతకంటె తక్కువే వస్తుంది గాని పోల్చుటకు ఈ అంకెలు చాలును.

మన లెక్క

ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే కుటుంబానికి 21 మైలేజీతో 571 లీటర్లు, 28 మైలేజీతో 429 లీటర్లు కావలెను. మిగులు 142 లీటర్లు. లీటరు నూరు రూపాయలనుకొన్నను ఏటా 14,200 రూపాయలు. హైబ్రిడ్‌కై రెండు లక్షలు అదనంగా పెట్టినచో అవి తిరిగి వచ్చుటకు పదునాలుగు సంవత్సరాలు పడుతుంది. ఏడాదికి 40,000 కిలోమీటర్లు నడిపే అద్దెకారు యజమానికైతే నాలుగేళ్ళు దాటగానే అసలు చేతికి వస్తుంది.

దారి కూడా ముఖ్యమే. హైదరాబాదు వీధులలో పదిమార్లు ఆగవలసినచోట హైబ్రిడ్ తన విద్య చూపుతుంది. బోధన్ నుండి నిజామాబాదు, ఆర్మూరు మీదుగా జగిత్యాల పోయే రహదారిపై ఆగుడు తక్కువ, కాబట్టి లాభమూ తక్కువ. అక్కడ శత్రువు గాలి. వేగం 80 నుండి 100కు పెంచితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. గేరు ఏదైనను, ఈ నష్టం తప్పదు.

మరొక అపోహ. నిర్మల్ ఘాట్ దిగునపుడు పెట్రోలు ఆదా అని కొందరు గేరు తీసివేసి బండిని జారవిడుస్తారు. నేటి ఇంజనులలో గేరులో ఉండి యాక్సిలరేటరు వదలినచో పెట్రోలు సరఫరా పూర్తిగా ఆగుతుంది. గేరు తీస్తే ఇంజను తిరుగుటకు పెట్రోలు మండుతూనే ఉంటుంది. బండి అదుపు తప్పే ప్రమాదం అదనం.

మైలేజీ తగ్గినదని గేరుపెట్టెను నిందించే ముందు పెట్రోలును కూడా తలచుకొనవలెను. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో మూడింట రెండు వంతులే. కనుక ఏ బండికైనను మైలేజీ కొంత తగ్గుట సహజం. ఆ ఇథనాల్ చెరకు నుండి, మొలాసిస్ నుండి, ధాన్యం నుండి వస్తుంది. 2015లో మూతపడిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారాన్ని తలచుకొనే మన రైతులకు ఈ మాట మనసుకు తగులక మానదు.

కావున కారు కొనదలచినవారు "ఏ గేరు?" అని అడుగుటకు ముందు "ఏడాదికి ఎంత దూరం? ఏ దారిలో?" అని తమను తాము ప్రశ్నించుకొనవలెను. తక్కువ తిరిగే పల్లె కుటుంబానికి చేతిగేరు చాలును. మోకాలి నొప్పి ఉన్నవారు, ఆటోమేటిక్‌కు అలవాటుపడినవారు మైలేజీ భయం లేకుండ నేటి ఆటోమేటిక్ కొనవచ్చును. నగరంలో రోజంతా తిరిగేవారికి హైబ్రిడ్ మేలు. మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా పరదేశాల నుండి కొనుచున్నాము. కనుక ఇంట్లో మిగిలిన ప్రతి లీటరు దేశానికి కూడా మిగిలినట్లే.