కోవూరు బళ్లకు 26 పోయి 39 ఎందుకొచ్చింది?

కోవూరు సెంటర్లో పాత మోటార్‌సైకిల్ మీద ఏపీ 26 ఉంటుంది, పక్కనే కొత్త స్కూటీ మీద ఏపీ 39. ‘ఈ 39 ఏ జిల్లా బండి?’ అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. అది ఏ ఒక్క జిల్లాదీ కాదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 1989 జులై 1న అమల్లోకి వచ్చింది. రాష్ట్రానికి రెండక్షరాలు, తర్వాత రెండంకెలు, ఆపై సిరీస్ అక్షరం, చివర నాలుగంకెలు, ఇదీ వరస. ఆ రెండంకెలను మన రాష్ట్రం జిల్లాల పేర్ల క్రమంలో పంచింది. ఆదిలాబాద్ 01, అనంతపురం 02, చిత్తూరు 03. కడపను అప్పట్లో ఇంగ్లీషులో సీతో రాసేవారు కాబట్టి దానికి 04. నల్గొండ 24, నిజామాబాద్ 25, నెల్లూరు 26. ఇంగ్లీషు లెక్కన నిజామాబాద్ కంటే మనం ముందుండాలి. తెలుగు గుణింతం లెక్కనైతే న, ని, నె అంటూ సరిగ్గా కుదురుతుంది! పట్టీ రాసినాయన మధ్యలో భాష మార్చాడేమోనని నాకో చిలిపి అనుమానం.

9999 అయిపోగానే సిరీస్ అక్షరం మారుతుంది. ఒంటి అక్షరాలు తీరాక జంట అక్షరాలు. ఐ, ఓ మాత్రం వాడరు, ఒకటి, సున్నాలా కనబడతాయని. మిగతావీ అందరికీ దొరకవు. జడ్ ఆర్టీసీది, పీ పోలీసులది, టీ మొదలు వై దాకా లారీలు, ఆటోల వంటి బాడుగ బళ్లవి.

2019 మొదట్లో కొత్త బళ్లకు జిల్లా కోడ్‌లు ఆపేసి రాష్ట్రమంతటికీ 39 ఇచ్చారు. దీని సుళువు 2022 ఏప్రిల్ 4న తెలిసింది. ఆ రోజు 13 జిల్లాలు 26 అయ్యాయి, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది. పాత పద్ధతే ఉంటే ప్రతి కొత్త జిల్లాకూ ఒక కోడ్ వెతకాల్సొచ్చేది. సూళ్లూరుపేటలోని పాత బళ్ల మీద మాత్రం 26 అలాగే ఉంది. రాష్ట్రం దాటనంత వరకు బండి నంబరు మారదు.

దాటితేనే తంటా. మనవాళ్లు చాలామంది బతుకుతెరువుకు వెళ్లేది చెన్నైకే. బండిని అక్కడ 12 నెలలకు మించి ఉంచుకుంటే ఇక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తీసుకుని, టీఎన్ నంబరు వేయించుకోవాలి. పన్ను కూడా అక్కడ మళ్లీ కట్టాలి. తరచూ బదిలీలయ్యే ఉద్యోగుల కోసం కేంద్రం 2021లో బీహెచ్ సిరీస్ తెచ్చింది. అందులో ముందు రిజిస్ట్రేషన్ సంవత్సరం, తర్వాత బీహెచ్ ఉంటాయి, పన్ను రెండేళ్లకోసారి కట్టాలి. ప్రభుత్వోద్యోగులకూ, నాలుగు రాష్ట్రాల్లోనైనా ఆఫీసులున్న కంపెనీల వాళ్లకే అది. చెన్నైలో సొంతంగా కొట్టు పెట్టుకున్నవాడికి దొరకదు.