ఆడపిల్లల సంతకాలేవీ?

పాతబస్తీలో ఇల్లు కొనాలంటే డబ్బొక్కటే చాలదు, అమ్మేవాళ్లుండాలి కదా! లాల్‌దర్వాజా, గౌలిపురా, అలియాబాద్... మూడు నెలలుగా మా ఆదివారాలన్నీ ఆ గల్లీలకే. ‘టు లెట్’ బోర్డులే తప్ప అమ్మకం బోర్డు ఒక్కటీ లేదు. కబుర్లన్నీ కిరాణా కొట్టు దగ్గరే. “మెట్రో వస్తోంది కదమ్మా, ఇప్పుడెవరమ్ముతారు?” అంటారు. 2024 మార్చిలో ఫలక్‌నుమాలో శంకుస్థాపన అయినప్పట్నుంచీ ఇదే మాట.

ఎనభై గజాల ఇల్లొకటి కనబడింది. చేతికిచ్చింది నోటరీ కాగితం! ఇక్కడ ఇలాంటివి బోలెడు. వంద రూపాయలు, ఆపైన విలువుంటే రిజిస్ట్రేషన్ తప్పదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టమే చెబుతోంది. వదిలేశాం.

రెండో ఇల్లు తండ్రి నాటిది. ముగ్గురన్నదమ్ములూ సంతకాలకు సిద్ధం. “ఆడపిల్లలు లేరా?” అన్నాను. “ఇద్దరున్నారు, పెళ్లిళ్లయిపోయాయిగా!”

పెళ్లయితే హక్కు పోతుందా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986లోనే పెళ్లికాని కూతుళ్లకు, 2005లో దేశమంతటా పెళ్లయినవాళ్లకు కూడా హిందూ ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా వచ్చింది. ముస్లిం కుటుంబాల్లోనూ కూతురికి కొడుకు వాటాలో సగం ఉంది. ఈసీ తీయిస్తే రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు తెలుస్తాయి గానీ, అడగని ఆడపిల్ల అందులో కనబడదు. అందుకే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కూడా అడగండి.

“వాళ్లకు లేని బాధ మనకెందుకు?” అన్నారు మావారు. నాకూ ఇద్దరన్నయ్యలున్నారు మరి!

బయానా ఇంకా ఇవ్వలేదు. పెద్దమ్మాయి నిజామాబాద్‌లో ఉంటుందట. శనివారం వెళ్తున్నాం.