ఆ రెండేళ్ల బాకీ

పెద్దల జీవితంలో ఒక సంవత్సరం చేజారితే మరో సంవత్సరం వస్తుంది. మైదానంలో ఆడే పిల్లలకు అలా కాదు. పాఠశాలల క్రీడాపోటీలు వయసును బట్టి జరుగుతాయి. పద్నాలుగేళ్ల లోపు, పదిహేడేళ్ల లోపు, పంతొమ్మిదేళ్ల లోపు అని మూడు మెట్లు ఉంటాయి. ఒక్కో మెట్టు మీద పిల్లవాడు నిలబడేది కొద్దికాలమే. అంతలో వయసు దాటిపోతుంది. 2020 మార్చిలో కరోనా వచ్చి బడి గేట్లు మూసినప్పుడు ఆ మెట్ల మీద నిలబడి ఉన్న పిల్లల్లో చాలామంది నేడు ఇరవై దాటినవారు. కొందరి ఇళ్లలో ఆ బాధ ఇంకా చల్లారలేదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు సంఘాలలో ఆ కుటుంబాలు మన పక్కనే కూర్చుని ఆరాధిస్తున్నాయి. వారి మాట వినడం మన బాధ్యత.

జరిగినదంతా ఒకసారి గుర్తు చేసుకుందాం. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ఆ ఏప్రిల్ నెలాఖరుకు మన రాష్ట్రంలో ఎక్కువ కేసులు నమోదైన జిల్లా కర్నూలే. తొమ్మిది, పది, ఇంటర్ తరగతులు తిరిగి మొదలైంది నవంబరు 2న. చిన్న తరగతులకు ఆ తరువాత ఒక్కొక్కటిగా తలుపులు తెరిచారు. రెండో విడత ఉధృతి వచ్చేసరికి 2021 ఏప్రిల్ 20 నుంచి ఒకటి నుంచి తొమ్మిది తరగతులు మళ్లీ మూతపడ్డాయి. బడులు మళ్లీ తెరిచింది ఆగస్టు 16న. తెరిచిన రోజుల్లో కూడా మాస్కులు, దూరం దూరంగా బెంచీలు. ఒకరినొకరు పట్టుకుని ఆడే కబడ్డీకి, భుజం తట్టి లేపే ఖోఖోకి అక్కడ చోటెక్కడిది? 2020–21, 2021–22 విద్యా సంవత్సరాల్లో జాతీయ పాఠశాలల క్రీడలు జరగనే లేదు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్, సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ అన్న తేడా లేకుండా ఆ రెండేళ్లూ ఊడ్చుకుపోయాయి.

'ఆటలే కదా, పోతే పోయాయి' అని ఎవరైనా అనవచ్చు. మన ప్రాంతం తెలిసినవారు ఆ మాట అనరు. ఆదోని పత్తి వ్యాపారానికి పేరు. ఎమ్మిగనూరు మగ్గాలకు పేరు. మాచాని సోమప్పగారు 1938లో ఇక్కడ నేత సహకార సంఘాన్ని నెలకొల్పారు. ఇంత పేరున్నా చుట్టుపక్కల పల్లెల్లో వాన తప్పితే జనం మూటాముల్లె సర్దుకుని సుగ్గికి వెళ్లక తప్పదు. గుంటూరు మిరపచేలకో, బెంగళూరు కట్టడాల పనులకో పోతారు. వారి వెంట పిల్లలూ పోతారు. అలా పోకుండా పిల్లవాణ్ణి ఊరిలో నిలిపే దారాలు రెండో మూడో ఉంటాయి. మధ్యాహ్నం బడిలో అన్నం ఒకటి. సాయంత్రం పీఈటీ సారు ఈల మరొకటి. మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి ఆడితే ఒక సర్టిఫికెట్టు వస్తుంది. దానితో క్రీడాకోటాలో కాలేజీ సీటు వస్తుందనీ, ఏనాటికైనా ఒక ఉద్యోగం వస్తుందనీ ఆశ. ఆడపిల్లకైతే ఆ సర్టిఫికెట్టు విలువ ఇంకా ఎక్కువ. బడి మూతపడిన ఇంట్లో పెళ్లి మాట త్వరగా వస్తుంది. ఆడే పిల్లకు 'ఇంకో ఏడాది ఆగుదాం నాయనా' అని అడగడానికి ఒక కారణం ఉండేది. ఆ కారణమే లేకుండా పోయింది.

ఇందులో ఒక చిత్రమైన అన్యాయం ఉంది. 2020లోనూ 2021లోనూ పదో తరగతి పరీక్షలు రద్దయ్యాయి. పరీక్ష రద్దయితే అందరూ ఉత్తీర్ణులయ్యారు. పోటీలు రద్దయితే మాత్రం ఎవరికీ ఏమీ దక్కలేదు. చదివిన పిల్లవాడి చేతికి కాగితం వచ్చింది. తెల్లవారుజామున లేచి పరుగెత్తిన పిల్లవాడి చేతికి ఏ కాగితమూ రాలేదు.

ఈ నష్టం మన ఊరిది మాత్రమే కాదు. జపాన్ దేశంలో ఉన్నత పాఠశాలల బేస్‌బాల్ పోటీలు కోషియెన్ అనే మైదానంలో జరుగుతాయి. ఆ మైదానంలో అడుగు పెట్టడమే అక్కడి పిల్లలకు జీవితకాలపు కల. 2020లో వసంతకాలపు పోటీలు, వేసవి పోటీలు రెండూ రద్దయ్యాయి. వేసవి పోటీలు రద్దు కావడం రెండో ప్రపంచయుద్ధం తరువాత అదే మొదటిసారి. అయితే అక్కడి పెద్దలు ఒక పని చేశారు. వసంత పోటీలకు ఎంపికైన 32 పాఠశాలల జట్లను ఆగస్టులో పిలిచి, ఒక్కో జట్టు చేత ఒక్కో ఆట ఆడించారు. ఆ మైదానపు మట్టిని చిన్న కీచైన్లలో పెట్టి బడి ముగించబోతున్న ఆటగాళ్లకు పంచారు. అమెరికాలో, మన తెలుగు కుటుంబాలు స్థిరపడిన రాష్ట్రాలలో కూడా, ఆ వసంతంలో బడి బేస్‌బాల్ ఆగిపోయి తల్లిదండ్రులు మథనపడ్డారు. అక్కడ కళాశాలల క్రీడలను నడిపే సంస్థ మాత్రం ఆ వసంతకాలపు ఆటగాళ్లకు ఇంకో ఏడాది ఆడే అర్హత కల్పించింది. పోయిన ఏడాదిని ఎవరూ తిరిగి తేలేరు. కానీ 'మీరు పోగొట్టుకున్నది మాకు తెలుసు' అని పిల్లలకు చెప్పడం సాధ్యమేనని ఇవి చూపించాయి. మన పిల్లలకు ఆ మాటైనా దక్కలేదు.

అందుకే తల్లిదండ్రుల కోపంలో అర్థం ఉంది. 2020 మే 4న రాష్ట్రంలో మద్యం దుకాణాలు తెరుచుకున్నాయి. ఆ సెప్టెంబరులో ఐపీఎల్ క్రికెట్ ఎడారి దేశానికి తరలి వెళ్లి మరీ జరిగింది. 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు, మార్చిలో మునిసిపల్ ఎన్నికలు జరిగాయి. టోక్యో ఒలింపిక్స్ ఒక ఏడాది వాయిదా పడినా 2021లో జరిగాయి, మన పి.వి. సింధు కాంస్య పతకం తెచ్చింది. 'వీటన్నిటికీ దారి దొరికింది, మా పిల్లల ఆటకే దొరకలేదా సారూ?' అని ఒక తండ్రి అడిగితే దానిని తేలికగా తీసిపారేయలేం.

కానీ రెండో మాట కూడా చెప్పాలి. ఆ రోజుల్లో మరణం నిజంగానే మన వీధుల్లో తిరిగింది. 2021 ఏప్రిల్, మే నెలల్లో ప్రాణవాయువు కోసం పరుగులు తీసిన కుటుంబాలు మన సంఘాలలోనే ఉన్నాయి. పిల్లలకు ఆ జబ్బు చాలావరకు తేలికగానే పోయింది. ప్రాణం తీసింది ఎక్కువగా పెద్దవయసువారిని. పిల్లవాడు ఆడి ఇంటికి వస్తే అదే ఒంటిగదిలో అవ్వా తాతా ఉంటారు. అంటే పిల్లల ఆట ఆగింది పిల్లల కోసం కంటే మన కోసమే. అవ్వలూ తాతలూ బతకాలని పిల్లలు తమ రెండేళ్లు ఇచ్చారు.

ఇక్కడ జెకర్యా ప్రవక్త చూసిన దర్శనం గుర్తుకు వస్తుంది (జెకర్యా 8:4, 5). బబులోను చెరనుండి తిరిగి వచ్చిన జనులకు దేవుడు కొత్త యెరూషలేమును చూపిస్తాడు. ఆ పట్టణపు వీధుల్లో ముందుగా కనిపించేది ముసలివారు. వయసు నిండి, చేతికర్ర పట్టుకుని కూర్చున్న వృద్ధులు, వృద్ధురాండ్రు. ఆ వెంటనే అదే వీధుల నిండా ఆడుకుంటున్న మగపిల్లలు, ఆడపిల్లలు. గమనించండి. దేవుడు కట్టే పట్టణంలో వృద్ధుల ఆయుష్షు, పిల్లల ఆట రెండూ కలిసి ఉంటాయి. ఒకటి నిలవడానికి రెండోది ఆగిపోనక్కరలేదు. తెగులు వచ్చిన కాలంలో ఆ రెండూ విడిపోయాయి. ముసలివారి శ్వాస కోసం పిల్లల కేరింతలు ఆగిపోయాయి. అది దేవుని పట్టణానికి ఆనవాయితీ కాదు, చెరకాలపు ఏర్పాటు.

2020 మార్చి 22 సాయంత్రం దేశమంతా వాకిళ్లలో నిలబడి వైద్యసిబ్బందికి చప్పట్లు కొట్టింది. అది న్యాయమే. ఇంట్లో చతికిలబడిన పదహారేళ్ల ఆటగాడికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అతన్ని ఎవరూ అడగలేదు, ఇవ్వమన్నారు, ఇచ్చాడు. అడగకుండా తీసుకున్నది కూడా బాకీయే. ఎవరికీ ఏమీ అచ్చియుండవద్దని రోమా సంఘానికి రాస్తూ, ప్రేమ అనే బాకీ మాత్రం ఎన్నటికీ తీరదని పౌలు చెబుతాడు (రోమా 13:8).

ఆ బాకీని ఉచిత సలహాలతో తీర్చలేం. 'లోకపు కిరీటం వాడిపోయేదే కదా బాబూ' అని అంటే సరిపోదు. పౌలు వాడిపోయే కిరీటం గురించి మాట్లాడినప్పుడు ఆటగాణ్ణి చిన్నచూపు చూడలేదు (1 కొరింథీ 9:24, 25). కొరింథు దగ్గర రెండేళ్లకొకసారి పెద్ద క్రీడలు జరిగేవి. వాటి కోసం యువకులు పడే శ్రమను చూపించి, విశ్వాసులు కూడా అలా పరుగెత్తాలని పౌలు రాశాడు. ఆటగాడి క్రమశిక్షణను సంఘానికే పాఠంగా పెట్టాడు.

బైబిలు కూడా రెండేళ్లు పోగొట్టుకున్నవారిని ఎరుగును. పానదాయకుల అధిపతి మరచిపోయినందువల్ల యోసేపు ఇంకా రెండేళ్లు చెరసాలలో ఉండిపోయాడు (ఆదికాండము 41:1). పౌలు కైసరయలో రెండేళ్లు బందీగా ఉన్నాడు. కారణం అతని తప్పు కాదు, లంచం ఆశించిన ఫేలిక్సు అనే అధికారి (అపొస్తలుల కార్యములు 24:26, 27). ఆ రెండేళ్లు మంచివని లేఖనం ఎక్కడా చెప్పదు. కాలం వృథా కాలేదని సర్దిచెప్పదు. ఎన్ని సంవత్సరాలు పోయాయో లెక్కపెట్టి మరీ రాసి ఉంచుతుంది. మనుషులు మరచిన సంవత్సరాలను దేవుడు లెక్కలో ఉంచుతాడు. అందుకే యోవేలు ద్వారా, మిడతలు తినివేసిన సంవత్సరాలకు బదులు ఇస్తానని మాట ఇచ్చాడు (యోవేలు 2:25). మిడతలు తిన్న అదే పంట మళ్లీ రాలేదు. తరువాతి వాన, తరువాతి పంట వచ్చాయి. దేవుని తిరిగి ఇవ్వడం అలా ఉంటుంది.

ఆ వానలో మనకూ పని ఉంది. ఆ రోజుల్లో ఆట పోగొట్టుకుని మగ్గం గుంటలోనో, మేస్త్రీ పనిలోనో ఉన్న యువకుణ్ణి పిలిచి, సంఘం ముందు నిలబెట్టి, 'నీవు ఇచ్చినది మాకు తెలుసు' అని చెప్పవచ్చు. అతని చేతికి ఈలనిచ్చి, నేటి పిల్లలకు ఆట నేర్పమని అడగవచ్చు. ఆదివారం మధ్యాహ్నం తరువాత ఖాళీగా ఉండే చర్చి ఆవరణ పిల్లలకు తెరవవచ్చు. సుగ్గికి వెళ్లే కుటుంబం తమ బిడ్డను పోటీల దాకా ఊరిలో ఉంచాలనుకుంటే, ఆ నెలల భోజనం, పడక సంఘంలో రెండు ఇళ్లవారు చూసుకోవచ్చు. జిల్లా పోటీలకు బూట్లు, బస్సు ఛార్జీ ఒక సంఘానికి బరువు కాదు. ఆడపిల్ల విషయంలో పెళ్లి మాట వచ్చినప్పుడు కాపరి, స్త్రీల సమాజపు అక్కలు ఆ ఇంటికి వెళ్లి, 'చదవనివ్వండి, ఆడనివ్వండి' అని అడగాలి.

ఆ కాలంలో బతికి బయటపడిన వృద్ధులు మన సంఘాలలో చాలామంది ఉన్నారు. వారు చేతికర్రతో వచ్చి చర్చి అరుగు మీద కూర్చోగా, ఆ ముందరే పిల్లలు బంతి వెంట పరుగెత్తే సాయంత్రాలు మన ఊళ్లలో రావాలి. ప్రవక్త చూసిన వీధి అదే. ఆ వీధిని ఇచ్చేవాడు దేవుడు. దానికి గేటు తెరవడం మన పని.