‘జాషువా పిచ్చి’ అని పేరెట్టుకుందామనుకున్నారంట!

మొన్న మిరపకాయ కోతలప్పుడు నకరికల్లు సెంటర్లో టీ తాగతా మావోడొకడు అన్నాడు: “మావా, ఇక నా వల్ల కాదు. రాయటం ఆపేత్తన్నా.”

వాడు పిడుగురాళ్ళ కాడ సున్నపు బట్టీలో లెక్కలు రాస్తాడు. పొద్దున్నే పోతే చీకటి పడ్డాకే ఇంటికి. ఫోన్లో ఒక షార్ట్ ఫిలిం కథ టైపు చేసుకుంటన్నాడు. పదకొండు సీన్లు అయినయి, పన్నెండోది రెండు నెలల నుంచి కదలట్లా. ఇంటికొచ్చేసరికి కళ్ళల్లో సున్నం, చెవుల్లో ఓనరు తిట్లు. ఇక కథ యాడ నుంచి వచ్చుద్ది?

మేం మొత్తం నలుగురం. నేను జిరాక్స్ షాపులో కూర్చుంటా, చిన్న కథలు రాస్తా. ఒకడు ట్రాక్టర్ తోలతా పాటలు కడతాడు. ఇంకొకామె ప్రైవేటు బడిలో టీచరు, కవితలు రాస్తది. ఆమె టీకొట్టు కాడికి రాదు, వాట్సాప్‌లో వాయిస్ పంపుద్ది. మేం ఎవరింట్లోనూ కూర్చోం, రోడ్డు మీదే కూర్చుంటాం. అందరికీ అందరి ఇళ్ళల్లో చనువు ఉండదు గదా. ఎందుకో పల్లెటూరోళ్ళకి నేను చెప్పక్కర్లా.

ఆ రోజు వాడికి నేను మన పక్కూరి సంగతే చెప్పా. వినుకొండ గుర్రం జాషువా గారిది. బళ్ళో పాఠంలో చదివాం, పరీక్ష రాశాం, మర్చిపోయాం. కానీ ఆయన మనలాగే ఉద్యోగం కోసం కాళ్ళరిగేలా తిరిగినోడని, రాసే స్నేహితుడు పక్కన ఉన్నోడని ఎవరూ గట్టిగా చెప్పరు.

జాషువా 1895 సెప్టెంబరు 28న పుట్టారు. ఊరు దూరం పెట్టిన ఇల్లు ఆయనది. చిన్నప్పటి స్నేహితుడు దీపాల పిచ్చయ్య శాస్త్రి. ఒకరు శాస్త్రులోరు, ఇంకొకరు అంటరానోడని గెంటించుకున్నోడు. అయినా ఇద్దరికీ పద్యం పిచ్చి. ఆ కాలంలో జంటకవులంటే మహా క్రేజు. ఒక పక్క తిరుపతి వేంకట కవులు, ఇంకో పక్క మన నరసరావుపేటకి దగ్గర్లోనే ఉన్న కొప్పరం నుంచి వచ్చిన కొప్పరపు సోదర కవులు. ఆశువుగా పద్యాలు చెప్తంటే జనం ఎగబడేవోళ్ళు. మనం కూడా జంటగా రాద్దాం అనుకున్నారు ఈ కుర్రోళ్ళు. మరి పేరేం పెట్టాలి? ‘జాషువా పిచ్చి’ అనుకున్నారంట. బాలేదు. తిరగేసి ‘పిచ్చి జాషువా’ అన్నారు. అది ఇంకా ఘోరం! ‘దీపాల జాషువా’ అని కూడా చూశారు. ఎందుకో జంట ఆలోచన ముందుకి సాగలా.

ఇక్కడిదాకా వినేసరికి మావోడు నవ్వాడు. రెండు నెలల్లో వాడు నవ్వగా చూట్టం అదే మొదలు.

జంట పోయింది గానీ రాయటం పోలా. పిచ్చయ్య శాస్త్రి గారు తర్వాత ‘చాటుపద్య రత్నాకరం’ కూర్చారు. జాషువా గారి దారి వేరే. మిషను బళ్ళో పని చేస్తే నెలకి 3 రూపాయలు, దానికోసం రోజూ 12 మైళ్ళు నడిచేవోరని చెప్పుకుంటారు. ఆ ఉద్యోగమూ పోయింది. రాజమండ్రి పోయి 1915-16 ప్రాంతంలో మూకీ సినిమాలకి వాచకుడిగా చేశారు. అంటే తెర మీద బొమ్మ ఆడతంటే పక్కన నిలబడి కథా మాటలూ చెప్పటం. ఇప్పుడు యూట్యూబ్‌లో మనోళ్ళు చేసే వాయిస్ ఓవర్ పని ఆయన నూరేళ్ళ కిందటే చేశాడన్న మాట! తర్వాత గుంటూరులో పంతులు పని. 1928 నుంచి 1942 దాకా సర్కారు బళ్ళో తెలుగు పండితుడు. ‘గబ్బిలం’ వచ్చింది 1941లో, ఆ పంతులుద్యోగం చేస్తన్నప్పుడే.

ఆ గబ్బిలం ఎట్టా పుట్టిందో చూడండి. జాషువా గారు జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి దగ్గర కాళిదాసు మేఘసందేశం చదువుకున్నారు. అందులో యక్షుడు మేఘంతో పెళ్ళానికి కబురు పంపుతాడు. మనాయన ఆ అచ్చునే తీసుకుని, గుళ్ళోకి రానియ్యని మనిషి చేత గబ్బిలంతో కాశీలో ఉన్న శివుడికి ఫిర్యాదు పంపించాడు. మనిషికి గుడి తలుపు తెరుచుకోదు, గబ్బిలానికి అడ్డేముంది? వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే ఈయన్నెందుకు రానిచ్చారని అవమానించారు. అట్టాంటి మంటలన్నీ లోపల పెట్టుకున్నోడు అవే రాశాడు. ఒకరి దగ్గర నేర్చుకున్న పనితనం, తన బతుకులో మండిన సంగతి. రెండూ కలిస్తేనే ఆ కావ్యం.

మా నలుగురి లెక్కా అదే. మొదట అరగంట ఉద్యోగాల మీద ఏడుపే. ఎవరూ సలహా ఇయ్యకూడదు. “మానేయ్‌రా”, “ఓర్చుకోరా” అంటే ఆ మనిషి నోరు మూసుకుంటాడు. వినాలి. ఆ రోజు మావోడు బట్టీలో ఒక కూలాయన చెయ్యి కాలితే సగం రోజు కూలి కోశారని చెప్పాడు. ట్రాక్టరోడు టీ గ్లాసు కింద పెట్టి, “ఒరేయ్, నీ పన్నెండో సీను ఇదే గదరా” అన్నాడు.

ఇంకోటి, రాసినోడు చదవకూడదు. పక్కోడు పైకి చదవాలి. చదివేవోడి నాలుక యాడ తడబడిద్దో వాక్యం ఆడ చెడినట్టు. “సూపర్ బావా” అన్నది సాయం కాదు. “యాడ నీకు విసుగొచ్చింది?” అని అడిగి చెప్పించుకోవాలి. గురజాడ గారి కన్యాశుల్కం కూడా 1897లో అచ్చయినాక 1909లో చాలా మారి మళ్ళీ వచ్చింది. మనం ఒక రాత్రి రాసిందాన్ని పట్టుకుని మార్చనంటే ఎట్టా?

ఇక పేరు గొడవ. ఇది మనోళ్ళకి అసలు తెలియట్లా. మా ట్రాక్టరోడి పాట ఒకాయన పాడి వీడియో పెట్టుకున్నాడు, రాసినోడి పేరు లేదు. అడిగితే “నువ్వు నాకు ఊరికే పంపావుగా” అన్నాడంట. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, నువ్వు సొంతంగా రాసిన నిమిషం నుంచే హక్కు నీది. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా సరే. కానీ ఐడియాకి హక్కుండదు, రాసిన రూపానికే ఉంటది. ఇద్దరు కలిసి, ఎవరి భాగం ఏదో విడదీయలేనట్టు రాస్తే అది ఇద్దరిదీ. ఇద్దరిలో చివర పోయినాయన తర్వాత 60 ఏళ్ళ దాకా ఆ హక్కు నడుస్తది. పన్నెండో సీనుకి దారి చూపినంత మాత్రాన మా ట్రాక్టరోడు ఆ కథకి రచయిత కాడు. అట్టాగని పేరు చివర కృతజ్ఞతల్లో వేయకపోతే బాగుండదు. అందుకే మేం ఏది రాసినా ముందు గ్రూపులో పెడతాం. తారీకు దానికదే పడిద్ది. ఎవరు ఏం సాయం చేశారో అందులోనే ఒక ముక్క రాసుకుంటాం.

తిరుపతి వేంకట కవుల్లో దివాకర్ల తిరుపతి శాస్త్రి గారు ముందు పోతే, చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రి గారు తర్వాత కూడా జంట పేరుతోనే పుస్తకాలేశారు. అంత పెద్ద మనసు అందరికీ ఉండదు, రాసి పెట్టుకోవటమే మేలు.

మావోడు వారానికి పన్నెండో సీను పంపాడు. కూలాయన నోట్లో పుస్తకాల మాటలు పెట్టాడు. టీచరమ్మ దాన్ని పైకి చదివి వాయిస్ పెట్టింది. మధ్యలో రెండు చోట్ల ఆగింది. “తమ్ముడూ, చెయ్యి కాలినాయన ఇంత చక్కంగా మాట్లాడతాడా?” అని అడిగింది. రాత్రి పదకొండింటికి వీడు సీను మళ్ళీ పెట్టాడు. ఈసారి కూలాయన ఒక్క మాటా మాట్లాడలా. కాలిన చేత్తోనే లెక్కల పుస్తకంలో సంతకం పెట్టాడు.