పొలము పంపకమునందు దారి హక్కు

అన్నదమ్ములు పొలము పంచుకొనునపుడు గొలుసు పట్టి సెంటు సెంటును కొలుచుకొందురు. బోదె నీరు ముందుగా ఏ ముక్కకు పారవలయును, గట్టుమీది తాడిచెట్టు ఎవరికి చెందవలయును అని ప్రొద్దు గ్రుంకువరకు తర్కింతురు. కాని వెనుకటి ముక్కకు బండి ఏ దారిని పోవలయునను మాట పెక్కుచోట్ల ఎవరికిని తోచదు. పొత్తు కుదిరియున్నంతకాలము దాని యవసరమును కానరాదు. తమ్ముడు అన్న చేనినుండియే ఎరువు తోలుకొనును, ధాన్యము తెచ్చుకొనును. అన్న గతించినపిదప ఆయన కుమారులో, వారియొద్ద కొనిన పరాయివాడో గట్టున ముండ్లకంచె వేసిననాడు, తమ్ముని పంట కోసియు ఇల్లు చేరదు. అటుపిమ్మట వ్యాజ్యము, వ్యాజ్యమునకై అప్పు. పొలముమీద సంఘమునుండి తెచ్చిన అప్పు తీర్చవలసిన పంట చేనిలోనే తడియును.

ఈ విషయమున చట్టము చెప్పునది రైతులు తెలిసికొనదగియున్నది. ఇండియా ఈజ్మెంట్ల చట్టము 1882వ సంవత్సరము జూలై 1వ తేదీనుండి నాటి చెన్నరాజధానిలో అమలునకు వచ్చినది. సర్కారు జిల్లాలును రాయలసీమయు అప్పుడు ఆ రాజధానిలోనివే. ఈ చట్టపు 13వ సెక్షను ప్రకారము, ఒకరి భూమిలో కొంత అమ్మినప్పుడుగాని ఉమ్మడి భూమిని పంచుకొన్నప్పుడుగాని, ఒక ముక్కకు రెండవ ముక్కమీదుగా తప్ప వేరుదారి లేనియెడల, దస్తావేజులో వ్రాయకున్నను దారిహక్కు కలుగును. కొన్నవానికే గాక, ముందటి భాగము నమ్మి వెనుకటి భాగము నిలుపుకొన్నవానికిని ఈ హక్కు కలదు.

అయినను దీనిని నమ్మి ఊరకుండరాదు. ఇందుకు నాలుగు కారణములు కలవు. మొదటిది, వేరుదారి ఏమాత్రమున్నను, అది చుట్టైనను సరే, అవసరపు హక్కు పుట్టదు. దగ్గరిదారి అనునది సౌకర్యమేగాని అవసరము కాదు. రెండవది, ఈ హక్కు ఒకప్పుడు ఒకే యజమానిక్రింద నుండి విడిపోయిన భూమిమీదనే చెల్లును. సంబంధములేని ప్రక్కరైతు చేనిమీద చెల్లదు. మూడవది, 14వ సెక్షను ప్రకారము దారి ఏ వైపున చూపవలయునో నిర్ణయించువాడు దారి యిచ్చువాడే. అది తగినంత అనుకూలముగా నుండిన చాలును. నాలుగవది, వేరొక దారి ఏర్పడి అవసరము తీరిననాడు ఈ హక్కును తీరిపోవును.

ఇరువది యేండ్లు నడచిన బాట మాదేయని కొందరందురు. అందరెరుగ, శాంతముగా, అంతరాయములేక, హక్కుగా నడచినయెడల అది నిజమే. కాని ప్రక్కవాని యనుమతితో నడచిన నడక ఎన్ని యేండ్లైనను హక్కు కాదు. అడ్డగించినపిదప దావా వేయుటలో రెండేండ్లకు మించి ఆలసించినను ఆ హక్కు నిలుచుట కష్టము. ఒకవిధమైన దారిహక్కులో మరియొకవిధమైనది చేరదని 28వ సెక్షను చెప్పుచున్నది. కావున కాలిబాట హక్కుతో ట్రాక్టరు తోలుటకు వీలులేదు.

కనుక పంపకమునాడే గీత సరిగా గీచుకొనవలయును. ఒక యుదాహరణము చూతము. తూర్పున బాటగల ఆరెకరముల చెక్క యొకటి. తూర్పుపడమరలు 660 అడుగులు, ఉత్తరదక్షిణములు 396 అడుగులు. ముగ్గురన్నదమ్ములు పొడుగునా చీల్చుకొన్న, ఒక్కొక్కరికి 132 అడుగుల వెడల్పున రెండెకరములు వచ్చును. మూడు ముక్కలును బాటను తాకును. దారి తగవే లేదు. నేలసారమువలననో నీటిపారుదలవలననో అడ్డముగా కోయవలసివచ్చిన, వెనుకటివానికి రెండు ముక్కలగుండ 440 అడుగుల దారి కావలయును. 12 అడుగుల వెడల్పున అది సుమారు 12 సెంట్లగును. దానిని ముందటి ఇద్దరిపైననే మోపక, ముగ్గురును నాలుగేసి సెంట్లు విడిచి ఉమ్మడిబాటగా నిలుపుకొనుట న్యాయము. నేడు నాలుగు సెంట్లకు వెనుదీసిన, రేపు రెండెకరముల వెల తగ్గును.

దస్తావేజులో “సకల ఈజ్మెంటు హక్కులతోను” అని వాడుకగా వ్రాయు మాట చాలదు. దారి ఏ సర్వేనెంబరులో, ఏ గట్టువెంట, ఎంత పొడవు, ఎంత వెడల్పు ఉన్నదో వ్రాయవలయును. మనుష్యులకా, పశువులకా, బండ్లకా, ట్రాక్టరు, కోతయంత్రములకా అనునది స్పష్టపరుపవలయును. దారి యిచ్చినవాడు దానిని బాగుచేయించుటకు చట్టము ప్రకారము బద్ధుడు కాడు గనుక, మరమ్మతు ఖర్చు ఎవరిదో తేల్చుకొనవలయును. ఉభయుల వారసులకును, కొనువారికిని వర్తించునని చేర్చి, పటము జతపరచి, రిజిస్టరు చేయించుకొనవలయును.

కొనువారు కాగితము చూచుటతో తృప్తి చెందరాదు. గ్రామపటము చేతబట్టి, బాటనుండి చేనివరకు తామే నడచి చూడవలయును. పటములో పుంత ఉన్నదా? ఉన్నచో నేలమీద మిగిలియున్నదా, దున్ని కలుపుకొన్నారా? గట్టువెంట పోవుచో ఆ గట్టు ఎవరిది, ఎవరి సెలవుతో నడచుచున్నారు? ఈ ప్రశ్నలకు బజానా ఇచ్చుటకు ముందే జవాబు రావలయును.

పంపకమునాడు అందరు నొకచోట కూర్చుందురు, మాటయు మంచిగానుండును. సభ్యులారా, దారిని గూర్చి అడుగుటకు ఆ దినమే తగినది. ఆ దినమున వ్రాసిన నాలుగు వాక్యములు మీ బిడ్డలను కోర్టుగుమ్మమునుండి కాపాడును.