కార్డులో డబ్బు ఎక్కడుంది?

విదేశం వెళ్లేవాళ్లకు మన ఇళ్లలో రెండు సలహాలు తప్పకుండా అందుతాయి. దిగగానే అక్కడి రైలు కార్డు కొనుక్కో, రీచార్జ్ చేసుకుంటూ దేశమంతా తిరగొచ్చు అంటారు ఒకరు. ఆ కార్డులకు కాలం చెల్లింది, బ్యాంకు కార్డు తాకిస్తే చాలు అంటారు ఇంకొకరు. ఇద్దరూ తాము చూసిన ఊరి సంగతే చెబుతారు. అది అన్ని ఊళ్లకూ వర్తిస్తుందనుకోవడంలోనే చిక్కంతా ఉంది. పైకి కార్డులన్నీ ఒకేలా పనిచేస్తాయి, తాకించగానే గేటు తెరుచుకుంటుంది. కానీ డబ్బు లెక్క కార్డులోని చిప్‌లో ఉందా, ఎక్కడో సర్వర్‌లో ఉందా అన్నదాన్ని బట్టి నియమాలు మారిపోతాయి. ఆ తేడా తెలిస్తే ప్రచారంలో ఉన్న అపోహలు చాలావరకు వాటంతటవే తేలిపోతాయి.

జపాన్‌ సంగతి చూడండి. జేఆర్ ఈస్ట్ రైల్వే 2001 నవంబరులో టోక్యో ప్రాంతంలో సుయికా కార్డు తెచ్చింది. రద్దీ వేళ జనం ఆగకుండా సాగిపోవాలంటే కార్డు చదవడం, ఛార్జీ కోయడం, మిగిలింది తిరిగి రాయడం సెకనులో అయిదో వంతులో అయిపోవాలి. సర్వర్‌ను అడిగి జవాబు తెచ్చుకునేంత వ్యవధి లేదు కాబట్టి డబ్బు లెక్కను చిప్‌లోనే పెట్టారు. మన నేషనల్ కామన్ మొబిలిటీ కార్డులో ప్రయాణాల సొమ్ము ఉండేదీ ఇలాగే. జపాన్‌లో 2013 మార్చిలో సుయికా, ఇకోకా, పాస్మో వంటి పది కార్డులను ఒకరి ప్రాంతంలో ఒకరివి చెల్లేలా కలిపారు. దాంతో ఒక్క కార్డుతో జపాన్ అంతా చుట్టేయొచ్చన్న నమ్మకం స్థిరపడింది. నిజానికి సుయికాతో ఒసాకాలోనూ రైలెక్కవచ్చు. కానీ టోక్యో ప్రాంతంలో గేటు దాటి లోపలికి వెళ్లి, అదే కార్డుతో ఒసాకా ప్రాంతంలో బయటికి రావడం కుదరదు. ప్రయాణం ఒకే ప్రాంతం లోపల మొదలై అక్కడే ముగియాలి. రెండు నగరాల మధ్య షింకన్‌సెన్ బుల్లెట్ రైలుకు వేరే ఏర్పాటు చేసుకోవాలి. పైగా ఈ కలయిక శాశ్వతమూ కాదు. కుమమోతోలో అయిదు బస్సు సంస్థలు యంత్రాలు మార్చే ఖర్చు భరించలేక 2024 నవంబరులో ఈ కార్డులను తీసుకోవడం మానేశాయి.

మిగిలిన డబ్బు గురించి ఇంతకన్నా గందరగోళం ఉంది. మొత్తం తిరిగిస్తారని కొందరు, పోయినట్టేనని కొందరు అంటారు. మామూలు సుయికాకు 500 యెన్ల డిపాజిట్ ఉంటుంది, కార్డు అప్పగిస్తే అది వెనక్కి వస్తుంది. బ్యాలెన్స్‌లోంచి మాత్రం 220 యెన్లు రుసుముగా పట్టుకుంటారు. అందుకే చివరి రోజు దుకాణంలో బ్యాలెన్స్ ఖర్చు చేసి కార్డు ఇచ్చేయడం తెలివైన పని. అయితే కార్డు ఇచ్చిన సంస్థే వెనక్కి తీసుకోవాలి, ఒసాకాలో కొన్న ఇకోకాను టోక్యోలో తీసుకోరు. పర్యాటకుల కోసమే ఇచ్చే వెల్‌కమ్ సుయికాకు డిపాజిట్ లేదు. కానీ అది 28 రోజులే పనిచేస్తుంది, మిగిలిన సొమ్ము రాదు. మళ్లీ వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు మామూలు కార్డునే దాచుకోవడం మంచిది, చివరిసారి వాడిన నాటి నుంచి పదేళ్లు చెల్లుతుంది.

లండన్‌లో కథ తిరగబడుతుంది. అక్కడ 2014 సెప్టెంబరు నుంచి మెట్రో గేట్ల దగ్గర బ్యాంకు కార్డు తాకించవచ్చు. పెద్దల ఛార్జీ అక్కడి రైలు కార్డు ఆయ్‌స్టర్‌కూ దీనికీ ఒకటే కాబట్టి ఆయ్‌స్టర్ చౌక అన్న మాట ఇప్పుడు చెల్లదు. ఆయ్‌స్టర్ కొనడానికి కట్టే రుసుము తిరిగి రాదు కూడా. ఎలిజబెత్ లైన్‌లో రెడింగ్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకైతే వెస్ట్ డ్రేటన్ దాటాక ఆయ్‌స్టర్ పనికిరాదు, బ్యాంకు కార్డు పనికొస్తుంది. బ్యాంకు కార్డు వాడితే లెక్కంతా సర్వర్‌లో, రోజు ముగిశాక కడతారు. ఎన్నిసార్లు తిరిగినా రోజుకింతకు మించి తీసుకోరన్న పరిమితి బ్యాంకు కార్డుకు దానివల్లే అమలవుతుంది. కానీ ఆ సర్వర్ ఫోన్‌లోని కార్డునూ చేతిలోని ప్లాస్టిక్ కార్డునూ ఒకటిగా గుర్తించదు. ఖాతా ఒకటే కదా అని ఫోన్‌తో లోపలికి వెళ్లి ప్లాస్టిక్‌తో బయటికొస్తే రెండు అసంపూర్ణ ప్రయాణాలు నమోదై, రెండింటికీ గరిష్ఠ ఛార్జీ పడుతుంది. ఒక్కో కార్డును ఒక్కో ప్రయాణికుడిగానే లెక్కిస్తుంది కాబట్టి ఇద్దరు ఒకే కార్డుతో వెళ్లలేరు కూడా. బస్సులో మాత్రం ఎక్కేటప్పుడు తాకిస్తే చాలు.

అలాగైతే బ్యాంకు కార్డుతోనే పని అయిపోతుందిగా అనవచ్చు. ఒంటరిగా వెళ్లే పెద్దవాళ్లకు లండన్‌లో చాలావరకు అంతే. కానీ 2020 అక్టోబరు నుంచి మన బ్యాంకులిచ్చే కొత్త కార్డుల్లో విదేశీ వాడకాన్నీ, కాంటాక్ట్‌లెస్‌నూ మనమే ఆన్ చేసుకోవాలి. ఒకటి ఆన్ చేసి రెండోది మరిచిపోతే గేటు తెరుచుకోదు. చాలా బ్యాంకులు విదేశీ మారకంపై అదనపు రుసుమూ వేస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం పిల్లల ఛార్జీ. బ్యాంకు కార్డు ఎవరి చేతిలో ఉన్నా పెద్దల ఛార్జీనే కోస్తుంది, వయసు దానికి తెలియదు. లండన్‌లో 11 నుంచి 15 ఏళ్ల సందర్శకులకు 14 రోజుల వరకు సగం ఛార్జీ దొరుకుతుంది, అదీ ఆయ్‌స్టర్ మీదే. యంత్రంలో కార్డు కొన్నంత మాత్రాన ఈ రాయితీ రాదు. పిల్లలను వెంటబెట్టుకుని స్టేషన్ సిబ్బంది దగ్గరికి వెళ్లి కార్డులో ఎక్కించుకోవాలి.