మరణముల లెక్కయు పరిశోధకుల శిక్షణయు



ఊరిలో ఒక రైతు పాముకాటుచే మరణించినచో ఆ వార్త ఊరంతయు నెఱుగును. ఆ మరణము దేశపు లెక్కలో చేరినదా యని విచారించువారు మాత్రము అరుదు. ఈ ప్రశ్నతో ముడిపడిన యొక విద్యనుగూర్చి, అందు శిక్షణ పొందు పరిశోధకులనుగూర్చి నేడు మనవి చేసెదను.

రోగుల వివరములను, పరీక్షల ఫలితములను, మరణముల నమోదులను లక్షలకొలది చేర్చి, గణితముతోడను కంప్యూటరుతోడను వానినుండి రోగకారణములను వెదకు విద్యకు వైద్య దత్తాంశశాస్త్రమని పేరు. ఇందు డాక్టరేటు పొందినవారు సాధారణముగా వెంటనే ఆచార్యులు కారు. కొన్ని యేండ్లు అనుభవశాలియైన శాస్త్రజ్ఞునికడ వేతనముపై పరిశోధన చేయుదురు. దీనినే పోస్ట్‌డాక్టరల్ పదవి యందురు. ఇది మఱియొక పట్టము కాదు. నాగలి పట్ట నేర్చిన యువకుడు ఏ చేనిలో ఏ పైరు వేయవలెనో తానే నిర్ణయించుట కలవాటుపడు కాలము వంటిది.

ఈ విద్యవలని ప్రయోజనమునకు మన దేశమందే దృష్టాంతము కలదు. 2001 మొదలు 2003 వఱకు జరిగిన మరణములనుగూర్చి ‘మిలియన్ డెత్ స్టడీ’ యను పరిశోధనలో విచారణ జరిగినది. చీటి వేసి తీసినట్లు 6,671 ప్రాంతముల నెన్నుకొని, సుమారు 1,23,000 మరణములనుగూర్చి పనివారు ఇండ్లకు పోయి బంధువుల నడిగి వ్రాసికొనిరి. ప్రతి వ్రాతను ఇద్దఱు వైద్యులు వేర్వేఱుగా చదివి కారణమును నిర్ణయించిరి. 2011లో ప్రకటింపబడిన ఫలితమునుబట్టి, 2005లో దేశమున పాముకాటు మృతులు సుమారు 46,000. ఆసుపత్రులు తెలిపిన లెక్కకు ఇది ముప్పది రెట్లకు మించినది. నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఏటికి 6,200 మంది. మృతులలో నూటికి 97 మంది పల్లెవారు. 77 మంది ఆసుపత్రి వెలుపలనే మరణించిరి. ఆసుపత్రి పుస్తకములలో వారి పేరెట్లుండును?

నేనును ఇట్టి పదవిలో పనిచేసితిని. తొలి మాసమున ఒక మరణపట్టికలో వయస్సు వ్రాయని వరుసలను పనికిరానివని తీసివేసితిని. లెక్క చక్కగా కుదిరినది. మా గురువుగారు దానిని చూచి, “వయస్సు తెలియనంత మాత్రమున వారు చావకపోయిరా?” యని యడిగిరి. సిగ్గుపడి ఆ వరుసలను మరల తీసి చూడగా, వారిలో పలువురు పల్లెలలోని ముదుసలి స్త్రీలు. పుట్టిన యేడు వ్రాసిపెట్టినవారు లేనందున వారి గడి ఖాళీగా నుండెను. గడి యేల ఖాళీగా నున్నదో విచారింపక లెక్క వేయరాదని నేను నేర్చుకొన్నది ఆనాడే.

కావున పెద్దలారా, మీ యూర మరణము సంభవించినపుడు ఇరువదియొక్క దినములలో నమోదు చేయింపుడు. అడుగవచ్చినవారికి వయస్సును, లక్షణములను తెలిసినంతవఱకు నిజముగా చెప్పుడు. ఎక్కడ మందు నిలువ యుంచవలెనో నిర్ణయించువారికి ఆ మాటయే ఆధారము.